లేని మనిషికి తెల్ల సుద్ద

ఇంటి ప్లాన్ గీసివ్వమని వెళ్తే ఆ ఇంజినీరమ్మ మాకు ఎన్ని గదులు కావాలని అడగనే లేదు. "మీరిప్పుడు ఉంటున్న ఇంట్లో ఒక రోజంతా కూర్చుంటాను. ఎప్పుడు రమ్మంటారు?" అంది. నాకు ఒళ్ళు మండింది. నేను కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తాను. అడ్డదిడ్డంగా చుట్టి తెచ్చిన పార్సిళ్ళకి రోజంతా పొడవూ వెడల్పూ కొలుస్తూ, వాటిని తెచ్చినవాళ్ళతో గొడవపడుతూ బతికే మనిషిని. నా ఇంటికి ఏం కావాలో నా నోటితో నేను చెప్తానంటే వినకుండా వచ్చి కూర్చుంటానంటుందేమిటి?

"మేమే చెప్తాం కదండీ, మీరు రాసుకోండి," అన్నాను.

"అందరూ చెప్తారు. చెప్పింది చెప్పినట్టు కట్టిస్తే ఆర్నెల్లకి నన్ను తిడతారు," అంది ఆవిడ, చీటీ మీద మా అడ్రసు రాసుకుంటూ.

యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. నడుముకి కొలత టేపు, చొక్కా జేబులో సుద్దముక్కలు, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు. చదువుకున్న ఇంజినీరులా కాక పని మధ్యలో లేచొచ్చిన తాపీమేస్త్రీలా ఉంది. మా ఆయన మాత్రం బుద్ధిగా తలూపి, ఆదివారం రమ్మన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగే మనిషి కాబట్టి సొంత ఇంట్లో ఒక్క మెట్టు కూడా ఉండకూడదన్నదే ఆయన షరతు. మిగతాదంతా నాకే వదిలేశాడు.

నిజం చెప్పాలంటే నా కోపం ఆ ఇంజినీరమ్మ మీద కాదు. నా మనసులో గొడవంతా మా వదిన గురించే.

మా వదినంటే మా ఆయన అక్క. ఆయనకన్నా ఆరేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "తీరిక లేక" అని చెప్తుంది. రెండోసారి అడిగినవాళ్ళ ముందు కత్తెర చేతిలోకి తీసుకుంటుంది. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పద్నాలుగేళ్ళ కిందట మామగారూ ఆమే మాతో ఉండటానికి వచ్చారు. మాది చిన్న అద్దె ఇల్లు. ఒక గది మాది. ఇంకో గదిని మధ్యలో బీరువా అడ్డం పెట్టి మామగారూ మా అమ్మాయీ పంచుకున్నారు. వదిన ముందు గదిలో, కుట్టుమిషను పక్కన మడతమంచం వేసుకుంటుంది. అందరం లేచేసరికి ఆ మంచం మడతపెట్టి గోడకి ఆనించి ఉంటుంది. పద్నాలుగేళ్ళలో ఆమె పడుకుని ఉండగా నేను చూసింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ జ్వరం.

స్థలం మా చేతికొచ్చిన రోజున అందరం సంబరపడుతుంటే, దారాల కొట్టు వెనక వీధిలో తనకో గది చూసుకున్నానని వదిన చల్లగా చెప్పింది.

"మీ ఇల్లు మీరు చక్కగా కట్టుకోండి. నేను అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతుంటా."

మా ఆయనకి అక్క మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు. నాకు బోలెడంత ఉంది. వారం రోజులు అరిచాను. మాకు ఇల్లున్నాక మీరు అద్దెకెళ్తే నలుగురూ మా మొహాన ఊస్తారన్నాను, పొగరన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె నవ్వుతూ సూదిలోకి దారం ఎక్కించుకునేది.

"నువ్వు మంచిదానివే. కాదనను. కానీ ఒకరి మంచితనం మీద ఎన్నాళ్ళని పడుకోమంటావు?" అంది ఒకసారి.

ఆమె లేని ఇల్లు నాకు అక్కర్లేదు. ఆ ఒక్క ముక్కా చెప్తే సరిపోయేది. అది తప్ప మిగతావన్నీ నోటికొచ్చాయి.

ఇంక ఆదివారం సంగతి. ఇంజినీరమ్మ వస్తుందనగానే ఒకరికొకరం చెప్పుకోకుండానే అందరం ఒకే తప్పు చేశాం. మంచిగా ఉందామనుకున్నాం. ఇల్లంతా కడిగాం. గోడ మీది పాత క్యాలెండర్లు తీసేశాం. మా అమ్మాయి తన పుస్తకాలన్నీ సైజుల వారీగా పేర్చింది. వదిన అయితే మమ్మల్ని మించిపోయింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, దాని మీద నీళ్ళ జగ్గు పెట్టి, అదేదో బల్ల అన్నట్టు తయారుచేసింది. మడతమంచాన్ని మా గదిలో మంచం కిందికి తోసింది. పొద్దున్నే డబ్బాలో తిండి సర్దుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"స్నేహితురాలింటికి. నేనుంటే ఆవిడ నన్ను కూడా లెక్కలో వేసేస్తుంది. పాపం, ఆవిడ పని తప్పయిపోదూ?"

వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆపాలనుకున్నాను, ఈలోగా ఇంజినీరమ్మ వీధి మలుపు తిరిగి వస్తూ కనిపించింది.

ఆవిడ స్టూలొకటి అడిగి తీసుకుని, వంటగదీ రెండు గదుల గుమ్మాలూ ఒకేసారి కనపడే మూలలో వేసుకుంది. "ఎంతమంది ఉంటారు?" అని అడిగితే మా ఆయన "నలుగురం," అన్నాడు. నేను గోడవైపు చూశాను. ఒక్కొక్కరికి ఒక్కో రంగు సుద్ద కేటాయించింది. మా ఆయనకి నీలం, అమ్మాయికి పసుపు, మామగారికి ఆకుపచ్చ. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఎరుపు తీసింది. ఎవరైనా ఎక్కడైనా కాసేపు నిలబడినా కూర్చున్నా అక్కడ నేల మీద వాళ్ళ రంగుతో చిన్న గీత పెడుతుందట. అంతే పద్ధతి. తను అక్కడ లేననుకోమంది.

ఎలా అనుకుంటాం? రోజూ వంటింటి కిటికీ చువ్వకి అద్దం తగిలించి గిన్నెల మధ్య గడ్డం గీసుకునే మా ఆయన, ఆ రోజు పెద్దమనిషిలా బాత్రూంలోకి వెళ్ళాడు. అక్కడ సరైన వెలుతురుండదు. గోడకి కాళ్ళు పైకి ఆనించి నేల మీద పడుకుని చదివే మా అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒకే పేజీని గంటసేపు చూసింది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళతో రోజూ తగువుపడే మామగారు చేతులు కట్టుకుని మౌనంగా విన్నారు. గిన్నెలతో కూడా పోట్లాడే నేను నోరు మెదపకుండా అంట్లు తోమాను.

ఇంజినీరమ్మ గంటన్నర చూసి, "ఇంత మర్యాదస్తుల్ని నేనెక్కడా చూడలేదు. మీకు ఇల్లెందుకు, లాడ్జి గీసిస్తాను," అంది. నవ్వొచ్చినా బిగబట్టుకున్నాను.

మర్యాద ఎంతసేపు నిలుస్తుంది? ముందు మామగారు దొరికిపోయారు. మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అలవాటు కొద్దీ, "పెద్దమ్మాయ్, పొద్దుటిది తెల్లదా, గులాబీదా?" అని కేకేశారు. ఎవరూ పలకలేదు. ఇంజినీరమ్మ తల తిప్పి అన్ని గదులవైపూ చూసింది. జేబులోంచి ఇంకో సుద్ద తీసింది. తెల్లది. మామగారి కుర్చీ పక్కన ఒక గీత పెట్టింది.

ఇంతలో బాత్రూంలోంచి మా ఆయన. "అక్కా, దూది ఎక్కడుంది?" గడ్డం రెండుచోట్ల తెగింది. తెల్ల గీత.

"అత్తా, నా గౌను హుక్కు ఊడింది," అని మా అమ్మాయి గౌను పట్టుకుని ముందు గదిలోకి పరుగెత్తుకొచ్చి, దుప్పటి కప్పిన మిషను ముందు నిలబడిపోయింది. ఇంకో తెల్ల గీత.

వీళ్ళకి బొత్తిగా బుద్ధి లేదని లోపల్లోపల తిట్టుకుంటూ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళి, "వదినా, స్టవ్ కట్టెయ్యండి, పాలు పొంగుతాయి!" అని అరిచాను. అరిచాక నాలుక కరుచుకున్నాను. తిరిగొచ్చేసరికి పాలు పొంగిపోయాయి, వంటింటి గుమ్మంలో తెల్ల గీత పడింది.

మధ్యాహ్నానికి మా నలుగురి రంగులూ నేల మీద అక్కడక్కడా ఉన్నాయి. తెల్లవి మాత్రం ఇల్లంతా ఉన్నాయి. ఇంజినీరమ్మ ఒక్క మాట అడగలేదు. లేచి నీళ్ళ జగ్గు పక్కన పెట్టి, దుప్పటి ఎత్తి కుట్టుమిషన్ని చూసి, మళ్ళీ కప్పింది. దాని పక్కన నేల మీద మంచం కోళ్ళు నొక్కి నొక్కి పడిన నాలుగు గుంటల్ని వేలితో తడిమింది. వంటింటి కిటికీ చువ్వ మీద ఎండిన సబ్బు నురుగు చుక్కల్ని చూసింది. ముందు గది గోడ మీద నేలకి మూడడుగుల ఎత్తున మా అమ్మాయి కాలిముద్రలుంటే, టేపు తీసి వాటి ఎత్తు కొలుచుకుంది. ఇల్లంతా కడిగాం కానీ వాటిని కడగాలని ఎవరికీ తోచలేదు. అవి మాకెప్పుడో కనపడటం మానేశాయి. కొలతలు తీయడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆవిడ పని చూశాక నా గర్వం దిగిపోయింది.

నాలుగున్నరకి ఆవిడ చేతులు దులుపుకుని, "ఐదో మనిషి ఎవరు?" అంది.

మా ఆయన చెప్పాడు. అక్క అనీ, కొత్త ఇంటికి రానంటోందనీ, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అయితే నేనిప్పుడు గీయలేనండి," అంది ఇంజినీరమ్మ. "నలుగురికి ఇల్లు గీయడం ఎంతసేపు! కానీ నలుగురుగా బతకడం మీకింకా చేతకాదు. అది నేర్చుకుని రండి, గీసిస్తాను. లేదంటే ఐదుగురూ కలిసి రండి."

ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. వారం రోజులు గొంతు చించుకుని నేను చెప్పలేకపోయింది, ఆవిడ స్టూలు మీంచి లేవకుండా చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే వదిన వచ్చింది. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి, నేలంతా రంగులు?" అంటూనే తుడుపుగుడ్డ కోసం వెళ్ళబోయింది. మా అమ్మాయి అడ్డంపడింది.

"తుడవకత్తా! ఆ తెల్లవన్నీ నువ్వే. ముప్పై ఒకటి! మా అందరికన్నా నీవే ఎక్కువ!"

మేమందరం ఆమె మొహంలోకి ఆశగా చూశాం. ఇక కరిగిపోతుంది, ఉండిపోతుంది అనుకున్నాం. వదిన చెప్పులు విప్పి, ఒక్కో తెల్ల గీత దగ్గరా ఆగి అడిగింది.

"ఇది?"

"తాతయ్య మాత్ర."

"ఇది?"

"నాన్న దూది."

"మరి ఇది?"

"అమ్మ స్టవ్."

అలా ఇల్లంతా తిరిగొచ్చి ముందు గది మధ్యలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"అంటే పనిమనిషి లేకపోతే ఎంత ఇబ్బందో లెక్క తీశారన్నమాట. ఇవన్నీ మీ అవసరాలు. ఇందులో నేనెక్కడున్నాను?"

మామగారు మాత్రల డబ్బా మూత పెట్టి తెరిచి మళ్ళీ పెట్టారు. నాకు ముందు కోపమొచ్చింది, ఇంత ప్రేమని ఇలా తీసిపారేస్తుందా అని. ఆ వెంటనే సిగ్గేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. దూది అడిగినవాడున్నాడు, హుక్కు అడిగిన పిల్ల ఉంది. అక్క ఇప్పుడు ఏం చేస్తుంటుందో అని ఆ రోజంతా ఎవరూ అనలేదు.

"నిజమే వదినా," అన్నాను. "మీరన్నది అక్షరాలా నిజం. ఆ పనులన్నీ నేను నేర్చుకుంటా. మాత్రల డబ్బా మీద రాసి పెడతా, దూది ఎక్కడుందో ఆయనే వెతుక్కుంటాడు. మీరు పని చెయ్యకండి. ఒక్క గిన్నె కూడా ముట్టుకోవద్దు. కానీ మీరు లేకపోతే... నేను అరుస్తుంటే నవ్వేవాళ్ళెవరు? మీరు లేని ఇల్లు నాకొద్దు."

అనేశాను చివరికి. వదిన నావైపు చూసి, "అరవడం మానేస్తే సరిపోతుందిగా," అంది. మాట వెటకారమే, గొంతు మాత్రం మెత్తబడింది.

ఇంజినీరమ్మ స్టూలు మీంచి లేచింది.

"తప్పు నాదండి. రోజంతా కూర్చుని, పిలిచినవాళ్ళ పిలుపులు రాసుకున్నాను. ఇవి వాళ్ళ గీతలు, మీవి కావు." తెల్లసుద్ద చాపింది. "ఎవరూ పిలవకపోతే మీరెక్కడుంటారో, ఎలా ఉంటారో మీరే గీయండి."

వదిన సుద్దవైపు చూసింది. నిండా పాతికేళ్ళు గుడ్డల మీద సుద్దతో గీసిన చెయ్యి అది. పాత స్నేహితురాలిని పలకరించినట్టు అందుకుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొలబద్ద లేకుండా ఒక గీత గీసింది. ఒక్క వంకర లేదు. మూల తిప్పి ఇంకోటి. దారిలో మా ఎరుపులూ నీలాలూ అడ్డమొస్తే వాటి మీంచే గీసుకుంటూ పోయింది. ఒక మంచం, ఒక మిషను, ఒక మనిషి అటూ ఇటూ తిరగడానికి చోటు. ఒక పక్కన మాత్రం గీతని మధ్యలో ఆపి, రెండడుగులు వదిలి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇది తలుపు," అంది.

"ఎటు తెరుచుకోవాలి?" ఇంజినీరమ్మ నోట్‌బుక్ తీసింది.

"ఎటైనా సరే. గడియ మాత్రం లోపలుండాలి. నా వైపు."

పద్నాలుగేళ్ళు. ఆ ముందు గదిలోంచే అందరం వస్తాం, పోతాం. ఆమె జాకెట్టు మార్చుకోవాలంటే బాత్రూం ఖాళీ అయ్యేదాకా ఆగాలి. తలనొప్పొచ్చినా, ఏడుపొచ్చినా మా అందరి మధ్యలోనే. ఇది నాకు తెలియదని చెప్పలేను, రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఆయన గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. లిఫ్టు తలుపులు సరిగ్గా తెరుచుకునేలా, సరిగ్గా మూసుకునేలా చూడటమే ఆయన ఉద్యోగం. ఊళ్ళో ఎన్ని వందల తలుపులు బాగుచేసుంటాడో! అక్కకి ఒక్కటీ లేదన్న సంగతి ఆయనకి ఆ సాయంత్రం తెలిసింది.

"బయటికి ఇంకో తలుపు కావాలి," అంది వదిన సుద్ద తిరిగిచ్చేస్తూ. "బట్టలిచ్చేవాళ్ళు మీ ఇంట్లోంచి నడిచి రాకూడదు."

ఇంజినీరమ్మ టేపు పరిచి చూసి కళ్ళజోడు సర్దుకుంది. "ఏడున్నరకి తొమ్మిది అడుగులు. నాలుగు మూలలూ మట్టం పెట్టినట్టున్నాయి. మా ఆఫీసులో పిల్లలకి స్కేలు ఇచ్చినా ఇలా రాదండి. ఇంకాస్త పెద్దది చేస్తాను."

"వద్దు. ఊడ్చుకోవలసింది నేను," అంది వదిన.

"అయితే మాతో వస్తున్నట్టేనా అక్కా?" అన్నాడు మా ఆయన.

"గీయనివ్వరా ముందు. చూశాక చెప్తా."

మూడు వారాలకి ప్లాన్ వచ్చింది. బల్ల మీద పరిచి, ఎగరకుండా నాలుగు గిన్నెలు మూలల్లో పెట్టి అందరం వంగి చూశాం. వంటింట్లో, కుళాయి పక్కన, మొహానికి వెలుతురు పడే చోట అద్దానికి జాగా. మా అమ్మాయి గదిలో ఏ సామానూ ఆనించకూడని ఒక గోడ, దానికి మూడడుగుల దాకా కడిగితే మరకలు పోయే రంగు. మామగారు రేడియోతో తగువుపడటానికి, ఎవరి చదువూ చెడకుండా, ఒక వసారా. అవన్నీ చూసి ఆహా ఓహో అనుకున్నాం. ఆవిణ్ణి మొదటిరోజు మేస్త్రీ అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. వదిన మాత్రం తన గది దగ్గరే ఆగింది. తలుపు పక్కన, లోపలివైపు, గడియ ఎక్కడ రావాలో చిన్న అక్షరాలతో రాసుంది. దాని మీద వేలు పెట్టి, "బాగా గీసింది," అంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

స్థలంలో సున్నంతో గీతలు పోసే రోజున మా ఆయన తాపీమేస్త్రీని పక్కకి పిలిచి, అక్క ఏదో ఒకటి చెప్పేదాకా పునాదికి పార వెయ్యొద్దన్నాడు. ఆమె రానంటే ప్లాన్ మొత్తం మారుతుంది మరి. మేస్త్రీ తాళ్ళు కట్టి, సున్నప్పొడి చల్లుకుంటూ గది తర్వాత గది పోశాడు. తలుపులున్న చోట గీత ఆపాడు. మధ్యాహ్నానికి ఖాళీ నేల మీద ఇల్లంతా తెల్లగా పరుచుకుంది. పనివాళ్ళు నీడకి వెళ్ళి పారలు పక్కన పడేసి ఎదురుచూస్తున్నారు.

వదిన స్థలమంతా ఒక చుట్టు తిరిగింది. బయటి తలుపు కోసం వదిలిన ఖాళీలోంచి తన గదిలోకి వెళ్ళింది. మంచం వచ్చే చోట రెండు ఇటుకలు పెట్టుకుని వాటి మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది.

మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చివరికి నన్ను తోశాడు. "నువ్వెళ్ళి అడుగు. నావల్ల కాదు."

విసవిసా వెళ్ళాను. సున్నం గీత దాటబోతూ కాలు ఎత్తి, ఆగిపోయాను. గోడ లేదు, తలుపు లేదు, చీపురుతో తుడిస్తే పోయే పొడి. అయినా దాటలేకపోయాను. చుట్టు తిరిగి ఇంటివైపు తలుపు రావలసిన ఖాళీ దగ్గరికెళ్ళి, బయటే నిలబడ్డాను.

"వదినా, లోపలికి రావచ్చా?"

ఆమె తల తిప్పి చూసింది. నన్నూ, నా కాళ్ళ ముందున్న ఆ రెండడుగుల ఖాళీనీ చూసింది. పద్నాలుగేళ్ళలో నేను ఏ పని అడిగినా, ఎప్పుడడిగినా కాదనని మనిషి.

"ఇప్పుడు కాదు," అంది. "తర్వాత రా."

వెనక్కి తిరిగి వచ్చేశాను. మా ఆయన ఎదురొచ్చి, "ఏమంది? ఏమంది?" అన్నాడు.

"నన్ను లోపలికి రావద్దంది," అన్నాను. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వు ఆగట్లేదు.

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మేస్త్రీవైపు పరుగెత్తాడు, తవ్వడం మొదలుపెట్టమని చెప్పడానికి.